సిస్టర్ సూసన్న నోటికి ఉపవాసం

కంటికి కనిపించినదల్లా నోటితో చెప్పేయడం సిస్టర్ సూసన్నకు అలవాటు. గుమ్మం వస్తే గుమ్మం వచ్చిందనేవారు. బకెట్టు అడ్డమొస్తే బకెట్టుందనేవారు. ఖరగ్‌పూర్ స్టేషన్లో మైకు ముందు కూర్చునేవాడికైనా రెండు బండ్ల మధ్య కాస్త విశ్రాంతి దొరికేది. ఈవిడకు అదీ లేదు.

నేను పెళ్ళయి ఖరగ్‌పూర్‌లోని సుభాష్‌పల్లికి కాపురానికొచ్చిన ఏడాదే, అంటే యాభైతొమ్మిదిలో, అక్కడి సిస్టర్ల కాన్వెంటు బడిలో తెలుగు టీచరుగా చేరాను. మొదటిరోజు గేటు దాటానో లేదో, “కొత్త టీచరమ్మ వొచ్చినారు. పచ్చసీర. కుచ్చిళ్ళ కాడ సిరిగింది” అన్న కబురు నాకంటే ముందు స్టాఫ్ రూముకు చేరింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడే నన్ను వంటింటి వెనక్కి తీసుకెళ్ళి, సూది దిగిందనీ దారం వచ్చిందనీ చెబుతూ ఆ చిరుగు కుట్టిపెట్టారు.

సిస్టర్ సూసన్నది భీమిలి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. కాన్వెంటులో వంటా, సామాన్ల గదీ ఆవిడవే. ఓసారి బిషప్‌గారు వస్తే సిస్టర్లంతా వరసగా నిలబడి పాట ఎత్తుకోబోతున్నారు. ఈలోగా సూసన్న గొంతు వినిపించింది. బిషప్‌గారు వచ్చారనీ, మెట్టెక్కుతున్నారనీ, ఎడమ బూటుకు లేసు లేదనీ. బిషప్‌గారికి తెలుగు రాదు కాని, అందరి చూపులూ ఎటు వెళ్ళాయో చూసి తనూ కిందికి చూసుకున్నారు.

ఆవిడ పక్కన ఎప్పుడూ సిస్టర్ క్లారా ఉండేవారు. గుంటూరు వైపు ఆవిడ. డెబ్బై దాటినా పిల్లలకు పియానో నేర్పేవారు. ఇంత వాగుడు పక్కన పెట్టుకుని అంత ప్రశాంతంగా ఎలా ఉంటారా అని మేమంతా ఆశ్చర్యపోయేవాళ్ళం. కొంచెం చెవుడేమోనని తేల్చుకున్నాం.

ఇక గుడ్‌ఫ్రైడే సంగతి. ఉపవాసమంటే నాకు మా అత్తగారు బాలాంబగారి ఏకాదశి ఉపవాసమే తెలుసు. ఆ రోజు మా ఇంట్లో మామూలు రోజుకంటే రెండు పొయ్యిలు ఎక్కువ వెలిగేవి. ఉప్పుడుపిండి, పాలు, అరటిపళ్ళు, ఆపైన నీరసంగా ఉందని ఇంకో గిన్నెడు ఉప్పుడుపిండి. సిస్టర్ల ఉపవాసం అలా కాదు. పొద్దున నిలబడే ఒక ఎండురొట్టె ముక్క, పాలు లేని టీ. మధ్యాహ్నం ఉప్పు మాత్రం వేసిన గంజన్నం ఒక్కసారి. కాళ్ళకు చెప్పులుండవు. గంటకు బదులు చెక్క వాయిస్తారు. విగ్రహాలన్నిటికీ ఊదారంగు గుడ్డ కప్పేస్తారు. వాళ్ళు మానుకున్న తిండంతా వండి, గేటు దగ్గర బీదవాళ్ళకు వడ్డిస్తారు. వీటన్నిటినీ మించింది మౌనం. గురువారం సాయంత్రం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా ఒక్క మాట ఉండకూడదు. గేటు దగ్గర జనంతో మాట్లాడడానికి మనిషి కావాలి గనక ఏటా నన్ను పిలిచేవారు.

పాత మదర్ ఉన్నన్నాళ్ళూ సూసన్న గొణుగుడును విననట్టు ఊరుకునేవారు. అరవైమూడులో మదర్ బెనెడిక్టా వచ్చారు. మలయాళీ ఆవిడ, నియమమంటే నియమమే. ఆ ఏడు గుడ్‌ఫ్రైడే ముందు బుధవారంనాడు సూసన్నను పిలిచి, ఈ మౌనంలో ఒక్క మాట వినిపించినా వేరే ఊరి కాన్వెంటుకు పంపేస్తానని చెప్పారు. ఆ మాట తెలుగులో చెప్పవలసిన ఖర్మ నాకే పట్టింది. సూసన్న మొహం పాలిపోయింది. వంటిల్లు వదలాలని బెంగ కాబోలనుకున్నాను.

శుక్రవారం పొద్దున గేటు దగ్గర ఆవిడ అవస్థ చూడాలి. గరిటె ఎత్తినప్పుడల్లా పెదవులు కదిలేవి, వెంటనే బిగుసుకునేవి. ఎవరి గిన్నెకో చిల్లు కనిపిస్తే కళ్ళు ఇంతలు చేసుకుని నా మోచెయ్యి గిల్లేవారు. చివరికి చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నారు. రైల్వే వర్క్‌షాపులో బరువులు మోసే ఆమోసు చాలాసేపు చూసి, “సిస్టరమ్మకి పన్నునొప్పేటండి?” అని నన్నడిగాడు. అవునన్నాను. లవంగం పెట్టమని చెప్పి వెళ్ళాడు.

మూడు గంటలకు ప్రార్థన. నేను చివరి బల్ల మీద కూర్చున్నాను. బలిపీఠం మెట్టు మీద శిలువ పెట్టి, రెండు పక్కలా వెలుగుతున్న కొవ్వొత్తులుంచారు. సిస్టర్లు ఒక్కొక్కరే వట్టికాళ్ళతో వెళ్ళి, వంగి ముద్దు పెట్టుకోవాలి. అంతకుముందు సూసన్న వెనకే క్లారా వెళ్ళేవారు. ఈసారి వయసు వరస పెట్టారు కొత్త మదర్. అందరికంటే ముందు క్లారా, అదీ ఒంటరిగా.

క్లారా మెల్లగా నడిచారు. సగం దూరం సరిగ్గానే వెళ్ళారు. తరవాత కుడివైపుకు ఒరిగారు. శిలువ ఉన్నచోటికి కాదు, కొవ్వొత్తి ఉన్నచోటికి. మేలిముసుగు అంచుకీ మంటకీ మధ్య జానెడు దూరం కూడా లేదు. నాకు అర్థమయ్యేలోపలే ఆ నిశ్శబ్దంలో గొంతు వినిపించింది.

“అమ్మా, ఆగండి. ముందర దీపముంది. ఎడమేపు ఒక్కడుగెయ్యండి. మెట్టుంది. ఇప్పుడు వొంగండి, ప్రభువు పాదాలు మీ సేతికందుతాయి.”

క్లారా ఆగారు, ఎడమకు జరిగారు, వంగారు. చేత్తో తడుముకుని పాదాలు ముద్దు పెట్టుకున్నారు. సూసన్న చేతిరుమాలు నేల మీద పడి ఉంది.

తమాషా ఏమిటంటే, ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడానికి వీల్లేదు. మౌనం కదా. మదర్ కూడా అడగలేరు, నియమం ఆవిడదే. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ కాన్వెంటంతా మూతపెట్టిన అన్నంగిన్నెలా కుతకుతలాడింది. పన్నెండు కొట్టగానే మదర్ గదికి సూసన్ననూ క్లారానూ పిలిచారు, తర్జుమాకి నన్నూ.

క్లారా ముందు ఇంగ్లీషులో తనే చెప్పారు. ఆరేడేళ్ళుగా చూపు తగ్గుతూ వచ్చిందట, ఇప్పుడు వెలుగుకీ చీకటికీ తేడా తప్ప ఏమీ తెలియదట. పియానో వేళ్ళకు వచ్చు గనక ఇబ్బంది లేదు. తెలిస్తే ఎక్కడో ఉన్న వృద్ధ సిస్టర్ల ఇంటికి పంపేస్తారని భయపడి, ఎవరికీ చెప్పవద్దని సూసన్నను బతిమాలుకున్నారట.

మదర్ సూసన్న వైపు తిరిగి, క్లారాకు దారి చెప్పడం సరే, బిషప్‌గారి బూటు సంగతి ఊరందరికీ ఎందుకని అడిగారు.

“ఒక్క క్లారమ్మ దగ్గిరే సెప్తే అందరికీ అనుమానమొచ్చీదండి,” అన్నారు సూసన్న. “అందరి దగ్గిరా సెప్తే, దీనికి పిచ్చి, వాగుతాది అని ఊరుకుంటారు.”

ఆ మాట మదర్‌కు ఇంగ్లీషులో చెప్పాను. నాలుగేళ్ళు ఆవిణ్ణి చూసి నవ్విన వాళ్ళలో నేను మొదటిదాన్ని. అయితే నాకూ ఒకటి గుర్తొచ్చింది. బెంగాలీ ముక్క రాకుండా కొత్తగా వచ్చినప్పుడు ఆవిడతో బజారుకు వెళ్ళేదాన్ని. ఇది గోల్‌బజారు, ఇటు ట్రాఫిక్ కాలనీ, ఈ కొట్టు దాదా తూకంలో మోసం చెయ్యడు అంటూ ఆవిడ వాగిన వాగుడుతోనే ఈ ఊరు నా ఊరయింది. ఆ సంగతి ఆవిడతో ఎప్పుడూ అనలేదు. ఆరోజు మదర్ ముందే, రెండు భాషల్లోనూ చెప్పేశాను.

అంతా విని మదర్ తీర్పు చెప్పారు. క్లారా ఇక్కడే ఉంటారు, మేడ దిగి కింది గదిలోకి మారాలి అన్నారు. నియమం తప్పినందుకు మాత్రం సూసన్నకు శిక్ష: వచ్చే గుడ్‌ఫ్రైడేకి పెదవి కూడా కదపకూడదు. మరి క్లారమ్మకు దారెవరు చెబుతారని సూసన్న అడిగితే, అది నీకక్కర్లేదన్నారు.

మరుసటేడు ఫిబ్రవరిలో మదర్ నా క్లాసు గుమ్మంలో నిలబడి, తనకు ఓ ఆరు తెలుగు మాటలు కావాలన్నారు. నెలకు పైగా నేర్చుకున్నారు. ‘వంగండి’ దగ్గర మాత్రం ‘అండి’ ఎంతకీ నిలిచేది కాదు.

ఆ శుక్రవారం మూడు గంటలకు, ఎవరూ ఊపిరైనా గట్టిగా తియ్యని ఆ గుడిలో, మదర్ బెనెడిక్టా క్లారా చెయ్యి పట్టుకుని నడిచారు. శిలువ దగ్గర ఆగి, స్పష్టంగా, “యెడమా. మేట్టూ. వొంగు” అన్నారు.

క్లారా వంగారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. సూసన్న ముసుగంతా నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా నావైపు చూశారు. గుడ్‌ఫ్రైడేనాడు నవ్వకూడదన్న నియమం కూడా ఉందో లేదో, నేను ఎవర్నీ అడగలేదు.