గార్డు పచ్చజెండాకి జవాబు

మేముండే హిందీ ఊళ్లో, తార్‌బహార్ పేటలోని పిల్లల సెంటర్ గోడ మీద నా ఫొటో ఒకటి ఉంది. అందులో నేను ఓ కొండరాతికి తాడు మీద వేలాడుతుంటాను. తలకి ఎర్ర హెల్మెట్, ఒంటి మీద పక్కింటి చెల్లెలి పంజాబీ డ్రెస్సు. కుడి చెయ్యి పైకెత్తి ఉంటుంది. కింద హిందీలో ఏదో మెచ్చుకోలు మాట రాశారు. చూసినవాళ్లంతా నేను గెలిచిన సంతోషంలో చెయ్యి ఊపాననుకుంటారు. అదెవరికోసం ఎత్తానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన గూడ్సు గార్డు. ఇప్పుడా ఉద్యోగానికి కొత్త పేరు పెట్టారు గాని మా ఇళ్లలో గార్డనే అంటాం. లాల్‌ఖదాన్‌లో లైనుకి ఆనుకుని రెండు గదులు వేసుకున్నాం. పెరటిగోడ అవతల కాస్త తుప్పలు, ఆ వెనక పట్టాలు. చాంపా వైపు వెళ్లే బళ్లన్నీ మా గోడ ముందునుంచే పోతాయి.

రైలు స్టేషను దాటేటప్పుడు గార్డు పచ్చజెండా చాపి పట్టుకుంటాడు. కిందున్న మనిషి కూడా పచ్చజెండా చూపిస్తాడు. బండి బాగుంది, అంతా క్షేమం అని ఒకరికొకరు చెప్పుకోవడం అది. ఆల్ రైట్ అంటారు. జవాబు అందాక గార్డు జెండా దించేస్తాడు. పెళ్లైన కొత్తలోనే మా ఆయన ఆ పద్ధతి నాకూ నేర్పారు. ఆయన బండి మా ఇల్లు దాటే వేళకి నేను గోడ దగ్గర పచ్చ తువ్వాలు పట్టుకుని నిలబడాలి. ఆయన చివరి పెట్టె గుమ్మంలోంచి జెండా చాపుతారు.

"నువ్వగుపడ్డావా, ఇల్లు ఆల్ రైట్. అగుపడలేదనుకో, బ్రేకేసి బండాపేస్తాను సూడు" అనేవారు.

"ఆపండి, ఆపండి. రేపు మీ ఆఫీసరు మీకు బ్రేకేస్తాడు" అనేదాన్ని.

ఎండైనా వానైనా నేను తప్పలేదు. పిల్లలు లేరు మాకు. ఆ తువ్వాలే మా ఇంటి కబురు.

ఆ రోజు శుక్రవారం. పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతూ ఎడంచెయ్యి లాగుతోందన్నారు. బామ్ రాశాను. "ఏటీ లేదులే, రాత్రి పడుకున్నప్పుడు ఒత్తుకుని ఉంటాది" అని టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోయారు. నేను స్నానం చేసి అమ్మవారి ముందు పారాయణకి కూర్చున్నాను. చిన్నప్పుడు బడికి వెళ్లాలంటే పట్టాలు దాటాలని భయపడి మా అమ్మ నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టుకుని పలక మీద తెలుగు దిద్దించింది. నాకు వచ్చిన చదువంతా ఆవిడ పెట్టిందే. పారాయణ పుస్తకమూ ఆవిడదే. మధ్యలో లేవకూడదని కూడా ఆవిడే చెప్పింది.

ఇంజను చప్పుడు వినబడింది. బండి ఆయనదేనని తెలుసు. గూడ్సంటే యాభైకి పైగా పెట్టెలు. ఇంజను మా గోడ దాటాక చివరి పెట్టె రావడానికి ఒక పేజీ చదివే సమయం పడుతుంది. ఏళ్ల అలవాటు. ఈ పేజీ అయ్యాక లేద్దాం అనుకున్నాను. ఆ రోజు లైను ఖాళీగా ఉందేమో, బండి జోరు మీద ఉంది. పేజీ సగంలో ఉండగానే చప్పుడు పల్చబడింది.

పరుగెత్తాను. తువ్వాలు తీగ మీద ఉంది, నా చేతిలో లేదు. గోడ దగ్గరికి చేరేసరికి చివరి పెట్టె మలుపు దగ్గరుంది. ఆయన బయటికి వంగి మా ఇంటి వైపే చూస్తున్నారు. ఎడంచేత్తో గుమ్మం కమ్మీ పట్టుకున్నారు. కుడిచెయ్యి చాపి ఉంది, అందులో పచ్చజెండా. ఎప్పుడూ అంత దూరం వెళ్లేదాకా చాపి ఉంచరు. నేను వెనక్కి పరుగెత్తి తువ్వాలు లాక్కుని వచ్చేసరికి మలుపు తిరిగిపోయింది.

బండి ఆపలేదు ఆయన. అదే అనుకున్నాను ఆ మధ్యాహ్నమంతా, నవ్వుకుంటూ కూడా. సాయంత్రం వచ్చాక ఎలా దెప్పుతారో అని.

చాంపాలో బండి ఆగాక చూశారట. కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారట. గుండె. జెండా చుట్టకుండా ఒళ్లో ఉందట.

ఆ కబురు తెచ్చిన తోటి గార్డులకి, శవాన్ని తీసుకొచ్చినవాళ్లకి, పదకొండు రోజులూ నా ఇంట పొయ్యి వెలిగించే పని లేకుండా అన్నం పెట్టిన పక్కింటి చెల్లెలికి నేను రోజూ దండం పెట్టుకుంటాను. అమ్మవారికీ పెట్టుకుంటాను. అయితే ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోయేది.

పక్కింటి చెల్లెలికి ఓ ఆడపిల్ల. తొమ్మిదేళ్లది. పుట్టుకతోనే కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు. తార్‌బహార్ సెంటర్‌లో అలాంటి పిల్లలకి కసరత్తులు చేయిస్తారు. పాపని నడుమున ఎత్తుకుని ఆటో ఎక్కించి దించి రోజూ తీసుకెళ్తుంది తల్లి. పాప బరువు పెరుగుతోంది, తల్లి నడుం వంగుతోంది. పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చే వ్యాను కోసం సెంటర్ వాళ్లు ఓ నడక పెట్టారు, తార్‌బహార్ నుంచి కోని దాకా, మళ్లీ వెనక్కి. నడిచేవాళ్లు తెలిసినవాళ్ల దగ్గర చీటీలు రాయించుకోవాలి, పూర్తి చేస్తే వ్యానుకి ఇంత డబ్బు ఇస్తామని.

"దీన్నొగ్గేసి నాను రాలేను గదా అప్పా. నా బదులు నువ్వు నడు" అంది చెల్లెలు.

"నేనేటి నడుస్తానే? మా ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు."

"గుడి సుట్టూ నూటెనిమిది తిరుగుతావు. ఇదీ ఓ గుడే అనుకో. ఏటైపోతాది?"

నడిచాను. వెళ్లేటప్పుడు బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు అరపా వంతెన మీద కాళ్లు నావి కాకుండా పోయాయి. కింద నది అంతా ఇసక, తెల్లగా మెరుస్తోంది. కళ్ల ముందు మసక. ఆ మసకలో వంతెన చివర, మనుషుల తలల మీదుగా, చాపి పట్టుకున్న చెయ్యి కనబడింది. అందులో పచ్చజెండా. నేను చెయ్యెత్తబోయాను. ఎవరో నీళ్ల సీసా చేతిలో పెట్టారు. కళ్లు తుడుచుకుని చూస్తే లేదు.

ఎండదెబ్బ అనుకున్నాను మొదట. తర్వాత చలికాలంలో రతన్‌పూర్ దాకా సైకిళ్ల మీద వెళ్లే పందెం పెట్టారు. నలభై ఏడేళ్ల వయసులో చెల్లెలి మొగుడి సైకిల్ మీద నెల్లాళ్లు నేర్చుకుని, మోకాళ్లు చెక్కుకుని, దాంట్లోనూ చేరాను. ఆఖరి ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి చాల్లేదు. అప్పుడు మళ్లీ కనబడింది, రోడ్డు మలుపులో. హ్యాండిల్ మీంచి చెయ్యి తీసేలోపల మలుపు తిరిగిపోయింది.

అప్పుడు తెలిసింది నాకు. ఒంట్లో సత్తువ అయిపోయిన చోట ఆయన వస్తున్నారు. ఇంకా జెండా దించలేదు. జవాబు కోసం చూస్తున్నారు.

ఆ తర్వాత సెంటర్ వాళ్లు ఏ పని పెట్టినా నేను మొదటి పేరు ఇచ్చాను. కాలనీలో మా తెలుగు ఆడవాళ్లు నన్ను చూసి ముక్కున వేలేసుకునేవారు. "ఒలమ్మ, ఈవిడికేటి పూనిందో గాని పిల్లల పాలిట దేవతే" అనేవారు. దండలు వేశారు రెండుసార్లు. ఆ దండ మెళ్లో పడ్డప్పుడల్లా దొంగసొత్తు మోస్తున్నట్టుండేది. నేను పాప కోసం కష్టపడుతున్నానని వాళ్లు అనుకుంటున్నారు. నేను వెతుక్కుంటున్నది పట్టాల మీద వెళ్లిపోయిన మనిషిని. ఆయనకి ఒక్కసారి జవాబివ్వాలి. ఇంకేమీ అక్కర్లేదు.

పోయిన శీతాకాలంలో తాళ్ల మీద కొండ దిగడం పెట్టారు. పెండ్రా వైపు అడవిలో, బస్సులో రెండు గంటలు. మూడంతస్తుల ఎత్తు రాయి, నిట్టనిలువుగా. వ్యాను చేతికి రావడానికి ఇదే ఆఖరి విడత. చీటీలు రాసినవాళ్లు, నేను తాడు మీద దిగి నేల తాకితేనే ఇస్తామని రాశారు. చెల్లెలు పాపని ఎత్తుకుని అంత దూరమూ వచ్చింది. రాతి కింద దుప్పటి పరిచి పాపని పడుకోబెట్టింది.

తాడు పని నేర్పిన అమ్మాయి ఆ అడవి వైపు ఊరిదే. పాతికేళ్లుంటాయి. నన్ను దాయి అని పిలిచింది, వాళ్ల భాషలో అమ్మా అని. రాతి కింద నిలబెట్టి నా నడుముకి పట్టీలు బిగించి, తాడు నా కుడిచేతిలో పెట్టి తుంటి వెనక్కి నొక్కింది.

"యే హాథ్ ఆప్‌కా బ్రేక్ హై, దాయి" అంది, ఈ చెయ్యే మీకు బ్రేకని. ఎడంచెయ్యి ఉత్తదేనట, ఊతకి మాత్రమే. కుడిచేతిలో తాడు వదిలితే బ్రేకు వదిలినట్టే.

"పొరపాటున వదిలితే?" అని అడిగాను.

"కింద తాడు కొస నా చేతిలో ఉంటుంది. మీరు వదిలినా నేను వదలను. కానీ వదలొద్దు" అని నవ్వింది. "ఝన్ డరా." భయపడకండి అని.

పక్కదారిన పైకెక్కించారు. పైన ఒకాయన తాడు తగిలించి వెనక్కి వాలమన్నాడు. అమ్మవారిని తలుచుకుని వాలాను. రాయి నా అరికాళ్ల కింద, ఆకాశం నా ముఖం మీద. సగం దాకా దిగాను. అక్కడ రాయి లోపలికి వంగి ఉంది. కాళ్లు జారాయి. గాల్లో తిరిగి రాతికి వీపు తగిలింది. చేతిలో సత్తువ అయిపోయి తాడు మీద పట్టు పోతున్నట్టు తెలుస్తోంది.

అలా వీపు తిప్పుకుని వేలాడుతుంటే కింద లోయ అంతా కనబడింది. చెట్ల మధ్య రైలు లైను. ఓ గూడ్సు బండి పోతోంది, చప్పుడు లేకుండా, బొమ్మలా. పెట్టెలు, పెట్టెలు. ఆఖరి పెట్టె చెట్ల నుంచి బయటికి వచ్చింది. గుమ్మంలో మనిషి. కుడిచెయ్యి చాపి ఉంది.

నేను గార్డు పెళ్లాన్ని. స్టేషనూ లేదు, గేటూ లేదు అక్కడ. అడవి మధ్యలో ఏ గార్డూ జెండా చాపడు. చాపి ఎవరికి చూపిస్తాడు?

కింద నుంచి చెల్లెలి గొంతు వినబడుతోంది. "అప్పా, కుడిసెయ్యి! కుడిసెయ్యి గట్టిగా పట్టుకో!" నాకు తెలుసు ఏ చెయ్యో. ఎడంచెయ్యి ఎత్తొచ్చని కూడా తెలుసు. ఇన్నేళ్లూ తువ్వాలు పట్టింది కుడిచేత్తో. ఆయన చూసేది ఆ చేతినే. ఇంకో క్షణంలో చెట్లు వచ్చేస్తాయి.

కుడిచెయ్యి తీసి పైకెత్తాను.

పడ్డాను. ఎంత పడ్డానో తెలియదు. ఠక్కున ఆగాను. తాడు కర్రలా బిగుసుకుంది. భుజం రాతికి కొట్టుకుంది. చెయ్యి మాత్రం దించలేదు. అరచెయ్యి ఖాళీగా ఉంది, తువ్వాలు లేదు, అయినా ఎత్తే ఉంచాను. ఆ బండి చివర మనిషి జెండా దించాడు. నెమ్మదిగా చుట్టాడు. లోపలికి వెళ్లిపోయాడు. చెట్లు కమ్మేశాయి. ఎవరో ఫొటో తీసింది అప్పుడే.

నేల తాకేసరికి చెల్లెలు వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. "సెయ్యెందుకు వొగ్గేసేవే! సచ్చిపోదావనుకున్నావా? నీకేటైనా అయితే ఆ వ్యానెక్కి నాను ఎలా కూర్చుంటాననుకున్నావు?" అని ఏడ్చింది. దుప్పటి మీద పాప మెడ తిప్పి నన్నే చూస్తోంది.

తాడు నేర్పిన అమ్మాయి కాస్త దూరంగా, రాతికి ఆనుకుని కూర్చుంది. గ్లౌజులు తీసి అరచేతులు ఊదుకుంటోంది. దగ్గరికి వెళ్లి చూశాను. గ్లౌజు లోపల కూడా చర్మం కమిలి, ఎర్రగా రెండు గీతలు. నేను పడ్డ బరువంతా ఆ చేతుల మీదే ఆగింది. నా బుట్టలో అమ్మవారి దీపానికి పెట్టుకున్న కొబ్బరినూనె ఉంది. ఆ రెండు చేతులకీ రాశాను. "కుఛ్ నహీ హోతా, దాయి" అంటోంది ఆ పిల్ల, ఏం కాదని, నవ్వుతూనే. నా కళ్లనీళ్లు ఆ అరచేతుల్లో పడ్డాయి. మంట పుట్టి ఉంటుంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

వ్యాను వచ్చింది. రోజూ పొద్దున్న మా సందు చివర హారన్ కొడుతుంది. పాపని ఎక్కించి చెల్లెలు ఒట్టి నడుముతో నిటారుగా పక్కన కూర్చుంటుంది. అన్నేళ్లు పాపని మోసిన ఆ తల్లికి వేల దండాలు.

ఆయన మళ్లీ రాలేదు. మొన్న ఎండల్లో ఇంకో నడక నడిచాను. అరపా వంతెన మీద కాళ్లు లాగాయి, కళ్లు మసకలయ్యాయి. వంతెన చివర జనం తప్ప ఏమీ లేదు. జవాబు అందింది కాబట్టి వెళ్లిపోయారు. కోరుకున్నదే కదా, అయినా ఇల్లు చేరాక ఎందుకు నడిచానా అనిపించింది. ఈ శీతాకాలం తాడు మీద మళ్లీ దిగమంటున్నారు సెంటర్ వాళ్లు. నడుస్తాను గాని తాడొద్దన్నాను. లోయలో ఇంకో బండి పోతుంటే నా కుడిచెయ్యి ఆగుతుందని ఎవరికీ మాటివ్వలేను. ఆ పిల్ల అరచేతులు ఇంకోసారి అడగలేను.

ఇప్పుడు పారాయణ మధ్యలో గూడ్సు చప్పుడైతే పేజీ దాకా కూడా ఆగను. మాట సగంలో పుస్తకం మూసి లేస్తాను. తువ్వాలు నా పక్కనే, పీట మీద ఉంటుంది. అమ్మవారు కాసేపు ఆగుతుంది. కొన్ని బళ్లకి ఇప్పుడు చివర గార్డే ఉండడు, ఆ మనిషి బదులు ఓ చిన్న మిషను తగిలించి పంపేస్తున్నారు. అలాంటి బండి వచ్చినా సరే, గోడ దగ్గర తువ్వాలు ఎత్తి నిలబడతాను. ఆఖరి పెట్టె మలుపు తిరిగేదాకా దించను.