అయస్కాంతం అంటని కారు

ముందుగా పోయినవాటి లెక్క చెబుతాను. పైకప్పుగా వేసే గుడ్డ, దాన్ని నిలబెట్టే మడత చట్రం. స్టీరింగ్ మధ్యలో ఉండే కంపెనీ బిళ్ల. గేరు కర్ర మీది నల్లటి ఉండ. ఎడమవైపు అద్దం. ముందు బంపర్ కింది ఫాగ్ లైట్లు రెండూ. జాకీ, పానాల సంచి. రెండో తాళంచెవి. కారుతో పాటు కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకం. ఫైనాన్స్ వాళ్ల యార్డులో ఎండకూ వానకూ పడి ఉన్న ఏడాదిన్నరలో ఇవన్నీ ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఆనాటి ధరల్లో అన్నీ కలిపినా పద్నాలుగు వేలు దాటవు. అయితే ఆ కారు చేసిన చిన్న ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది. వేరే కారు అద్దం తెచ్చి పెడితే పెట్టొచ్చు, కానీ అది ఈ కారు అద్దం కాదు. దొరకని వస్తువుకు ధర ఉండదు, దాని లేమికి కోత మాత్రం ఉంటుంది. కారు అమ్మితే వచ్చే ధరలోంచి నేను వేసుకున్న కోత లక్షా ముప్పై వేలు.

అది పోగా మిగిలినదాని గురించే ఇప్పుడు రాస్తున్నాను. మిగిలింది తక్కువేం కాదు.

నా చదువు పదో తరగతితో ఆగింది. నాచారం పారిశ్రామికవాడలో ఒక పంపుల కంపెనీలో స్టోర్స్ చూసేవాణ్ణి. ఆదివారాలు ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ రోడ్డు మీద ఉన్న ఒక యార్డుకు వెళ్లేవాణ్ణి. కిస్తీలు కట్టలేనివాళ్ల దగ్గర్నుంచి ఫైనాన్స్ కంపెనీలు గుంజుకొచ్చిన బండ్లు అక్కడ వేలానికి వచ్చేవి. ఒక్కో బండి విడిగా అమ్మరు. పదో పన్నెండో కలిపి ఒక లాటుగా పెడతారు. ఆటోలు, వ్యాన్లు, సొట్టలు పడ్డ కార్లు అన్నీ ఒకే లాటులో ఉంటాయి. అంత డబ్బు ఒక్కరి దగ్గర ఉండదు కాబట్టి అయిదుగురు తుక్కు వ్యాపారులు కలిసి లాటు తీసుకునేవారు. తర్వాత ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుని ఒక్కో బండికి తమలో తాము మళ్లీ పాట పాడుకునేవారు. దాన్ని లోపలి పాట అంటారు. లాటు ధర కన్నా ఎక్కువ వచ్చింది అయిదుగురూ సమానంగా పంచుకుంటారు. ఆ వాటాలు కట్టడం, ప్రతి బండి పాటకు ముందు దాని ధర నా అంచనాలో ఎంతో పైకి చెప్పడం నా పని. నూటికి రూపాయి నాకిచ్చేవారు.

ధరలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. లాలాపేట్‌లో ఒక చిత్తుకాగితాల దుకాణంలో విదేశీ కార్ల పత్రికలు కిలోల లెక్కన దొరికేవి. వాటి చివరి పేజీల్లో ఏ వేలంలో ఏ కారు ఎంతకు పోయిందో చిన్న అక్షరాల్లో వేసేవారు. రంగురంగుల బొమ్మలు చూడటానికి కొనేవాళ్లు ఆ పేజీలు తిప్పి కూడా చూడరు. నేను అవే చదివేవాణ్ణి. ఇంగ్లీషు మెల్లగా వచ్చింది, అంకెలు తొందరగా అర్థమయ్యాయి. ఒకే కారు ఒక పాత సంచికలో ఎంత పలికిందో, నాలుగేళ్ల తర్వాతి సంచికలో ఎంత పలికిందో పక్కపక్కన పెట్టి చూస్తే దారి కనపడేది. కొత్తగా కొన్న స్పోర్ట్స్ కారు ధర ఏడాదికేడాది దిగుతుంది. దాదాపు అన్నీ దిగి అక్కడే పడి ఉంటాయి. కొన్ని మాత్రం కొన్నాళ్లు అడుగున ఉండి మెల్లగా లేస్తాయి. లేచినవాటిలో మూడు సంగతులు కలిసేవి. చేసినవి తక్కువ. విరిగిపోకుండా మిగిలినవి ఇంకా తక్కువ. ఆ కారు కొత్తగా ఉన్నప్పుడు దాని బొమ్మ గోడకు అంటించుకున్న పిల్లలు పెద్దవాళ్లై చేతినిండా సంపాదిస్తూ ఉంటారు. మూడో సంగతి ఏ పత్రికా రాయలేదు, నేనే కట్టుకున్నాను. ఇప్పటికీ అది నా సొంత లెక్కే అనుకుంటాను.

రెండు వేల అయిదు వానాకాలంలో ఒక లాటులో పదకొండు బండ్లు వచ్చాయి. చివర్న ఒక పసుప్పచ్చ కారు ఉంది. రెండే సీట్లు, నడుము ఎత్తు, పైకప్పు లేదు. లోపల వాననీళ్లు నిలిచి ఉన్నాయి. మన దేశంలోనే చేసింది. ఎన్ని చేశారో సరిగ్గా ఎవరూ చెప్పలేరు, కొన్ని వందలని మాత్రం చదివాను.

తుక్కు వ్యాపారుల్లో పెద్దాయనను నేను మామా అనేవాణ్ణి. పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం దారానికి కట్టి ఎప్పుడూ జేబులో పెట్టుకునేవాడు. ఇనుమెంత, పుట్టీ ఎంత తేల్చేది దానితోనే. కారు ముందు మూత మీద పెడితే అది జారి బురదలో పడింది. తీసి తలుపు మీద పెట్టాడు. మళ్లీ పడింది.

"ఏంది అల్లుడా, ఇది కారా, బొమ్మనా? అంటుతనే లేదు."

"ఒళ్లంతా ఫైబర్ మామా. కింద చట్రమే ఇనుము."

"మరి తూకమేం వస్తది? బకెట్ల కంపెనోనికి అమ్మాల్నా?"

మిగతా నలుగురూ పగలబడి నవ్వారు. వాళ్లను తప్పు పట్టను. వాళ్ల వ్యాపారం తూకం. తూకం లేనిదాన్ని కొన్నవాడు మునుగుతాడని వాళ్లు అనుభవం మీద నేర్చుకున్నారు.

హోటల్లో లోపలి పాట మొదలైంది. పది బండ్లు అయ్యాక పదకొండోది వచ్చింది. రివాజు ప్రకారం నా మాట ముందు చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇరగ్గొడితే ముప్పై ఒక వెయ్యి. ఇంజను, గేర్‌బాక్స్ మామూలు చిన్న కార్లవే, తీసిన రోజే పోతయి. ఇరగ్గొట్టకుంట ఉంచితే తొమ్మిదేండ్లకు అయిదు లక్షలు దాటుతది."

మామ చాయ్ సాసర్ కింద పెట్టాడు. "తొమ్మిదేండ్లా! నాకు షుగరుంది, బీపీ ఉంది. నాకు సోమారం దాకా లెక్క జెప్పు సాలు."

"నేను సదివింది జెప్పిన మామా."

"గంత నమ్మకముంటే నువ్వే పాడు."

లెక్కలు కట్టేవాడు పాట పాడకూడదు. అందరి జేబులూ వాడికి తెలుసు కాబట్టి అది అక్కడి కట్టుబాటు. నేను అదే అన్నాను. మామ చుట్టూ చూశాడు.

"ఇయ్యాల్టికి మాఫీ. ఎవ్వలకన్న ఫికరున్నదా?"

ఎవరికీ లేదు. ముప్పై రెండు అన్నాను. ఊరికే ఆట పట్టించడానికి ఒకరు ముప్పై అయిదు అన్నారు. నేను నలభై అన్నాను. వాళ్లు నలభై అయిదు దాకా తెచ్చి, నా ముఖం చూసి ఆపారు. నలభై ఆరు వేలకు కారు నాదైంది. శనివారం లోపు డబ్బు కట్టాలి, లేకపోతే ఇంజను విప్పేస్తారు.

నా దగ్గర అంత డబ్బు లేదు. ఉన్నదల్లా మా ఆవిడ కట్టే లక్ష రూపాయల చిట్టి. నాచారంలో మాది రెండు గదుల రేకుల ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గదుల్లో కూర్చోలేం. చిట్టి చివరిదాకా ఆగి, దాదాపు మొత్తం చేతికి తీసుకుని స్లాబ్ వేయాలన్నది ఆమె ఏర్పాటు. అప్పుడు స్లాబుకు మేస్త్రీ చెప్పిన ధర తొంభై వేలు. మొదటి నెలల్లోనే చిట్టి ఎత్తుకుంటే పాటలో చాలా వదులుకోవాలి. ఆ సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

నేను చెప్పింది మొత్తం విన్నది. బియ్యం ఏరుతూనే అడిగింది.

"గిసొంటిది ఇంకెంతమంది దగ్గరుంటది?"

"ఈ పట్నంల నాకు తెల్సినంత వరకు ఇంకోటి లేదు."

"అమ్ముడువోకపోతే?"

"ఇంజను తీసి అమ్ముత. ముప్పై ఒక వెయ్యి యాడికి పోదు."

"అంటే పదిహేను వేలు మునుగుతం."

"అవు. చిట్టిల పొయ్యేది అలగ్."

చేట పక్కన పెట్టింది. "మునుగుడు ఎంతనో సుత జెప్పినవ్. లాభమొక్కటే జెప్పినవనుకో, లేచి పోతుంటి."

ఆ గురువారం చిట్టి పాటలో ఆమె ఇరవై నాలుగు వేలు వదులుకుని డెబ్బై ఆరు వేలు తెచ్చి నా చేతిలో పెట్టింది. కారుకు పోగా మిగిలిన ముప్పై వేలు కాగితాలు మార్చడానికి, బ్రేకులకు, టైర్లకు, ఇంటి పక్కన చిన్న షెడ్డుకు సరిపోయాయి.

కారు బాగు చేయడానికి దమ్మాయిగూడ నుంచి ఒక డెంటర్ వచ్చాడు, సొట్టలు తీయడంతో పాటు ఇంజను పనీ తెలిసినవాడు. చేతి పని బంగారం. వచ్చీరాగానే ఎర్ర రంగు కొట్టేద్దాం అన్నాడు.

"రంగొద్దన్నా. మచ్చలున్నయి ఉండనియ్యి."

"మచ్చలతోని నేను జేసిన బండి బయటికి పోతే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ పేరు నేనెవ్వలకు జెప్పను."

"గదింక అద్వానం!" అన్నాడు. అయినా బ్రేకులు, కార్బురేటర్ చేసి, తీసిన ప్రతి మరనూ తిరిగి దాని చోటనే బిగించాడు. మొదటి రంగు ఒక్కసారి పోతే తిరిగి రాదని, కొత్త రంగు ఎంత బాగున్నా ధరలో నాలుగోవంతు పడిపోతుందని నేను చదివిన లెక్కలు ఆయనకు చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదు.

తర్వాతి నాలుగేళ్లు ధర దిగింది. దిగుతుందని నాకు తెలుసు. తెలిసినా, ఒకాయన వచ్చి ముప్పై అయిదు వేలకు అడిగిన రోజు అన్నం సహించలేదు. వారానికోసారి స్టార్ట్ చేసి సందు చివరిదాకా తీసుకెళ్లి తెచ్చేవాణ్ణి. ఏటా నాలుగైదు వేలు జీతంలోంచి దాని మీద పెట్టేవాణ్ణి. కాలనీలో ఆడవాళ్లు మా ఆవిడను ఎగతాళి చేసేవారు. ఆమె ఏమీ తక్కువ కాదు.

"మేం రేకుల కింద, మా సవతి షెడ్డుల. దానికి ఏసీ పెట్టిస్తే నేను సుత పోయి అండ్లనే పంటా" అనేది.

రెండు వేల పదిలో ఘట్‌కేసర్ నుంచి పెళ్లి ఊరేగింపులకు బండ్లు తిప్పే ఒకాయన వచ్చాడు. రెండు లక్షల పదివేలు ఇస్తానన్నాడు. అప్పటికి స్లాబుకు లక్షా డెబ్బై వేలు అవుతోంది. వేసవి ముందుంది. ఆమె మెడ మీద చెమటకాయలు చూశాను. ఇచ్చేస్తానని ఆయనకు చెప్పి లోపలికి వచ్చాను.

"నీ లెక్కల అమ్మే యేడు గిదేనా?" అని అడిగింది.

"కాదు. ఇంకో మూడునాలుగేండ్లు."

"లెక్క తప్పిందా?"

"తప్పలే. అనుకున్నట్టే లేస్తున్నది."

"మరెందుకమ్ముతున్నవ్? నా మొఖం జూసా?"

నేను చూపు రేకుల మీదికి తిప్పాను.

"నా మొఖం జూసి లెక్క మార్సకు. ఎండ నాకు కొత్తనా? పోయి ఇయ్యనని జెప్పు."

వెళ్లి చెప్పాను. ఆయన పిచ్చివాళ్లను చూసినట్టు మా రేకుల వైపు చూసి వెళ్లిపోయాడు. నా జీవితంలో నా లెక్కను ఒక మనిషి ఒంటి మీద మోసింది ఆ నాలుగు ఎండాకాలాల్లోనే. ఏ పత్రిక చివరి పేజీలో ఎంత పెద్ద అంకె చూసినా నాకంత గర్వం కలగలేదు.

రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరిలో అమ్మకానికి పెట్టాను. రాష్ట్రం వస్తుందని తేలిపోయింది. బండ్ల నంబర్లన్నీ మారుస్తారట, పాత నంబరుతో ఉన్నవి అలాగే దాచుకోవాలి అని కార్లు సేకరించేవాళ్లలో మాట నడుస్తోంది. ఒకే ఆదివారం ఇద్దరు వచ్చారు. ఒకాయన పెద్దవాడు, నగరం ఆ చివర్నుంచి వచ్చాడు. తెల్ల చొక్కాతోనే నేల మీద పడుకుని, టార్చి వేసి చట్రం మీద నంబరు చూశాడు. రెండో అతను ముప్పై దాటినవాడు. పదిహేనేళ్ల వయసులో ఈ కారు బొమ్మ మంచం పక్కన అంటించుకున్నానని అతనే చెప్పాడు. నేను మా ఆవిడ వైపు చూశాను.

లేచి బట్టలు దులుపుకుంటూ పెద్దాయన అడిగాడు. "రంగు కొట్టొద్దని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. చదువుకున్నాను."

ఆయన నవ్వి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ధర ఎలా తేలుద్దామన్నప్పుడు మా ఆవిడ గడప మీదికి వచ్చింది. "పాట పెడదాం" అంది. ఇద్దరూ సరదా పడ్డారు. మామ కూడా వచ్చి ఉన్నాడు. ఈ కారు అల్లుడితో కొనిపించింది తానేనని అప్పటికే సందులో నలుగురికి చెప్పాడు. కాలనీ అంతా మా వాకిట్లో చేరింది. చిట్టి పాట పాడించినట్టే ఆమె నిలబడి పిలిచింది. నాలుగు లక్షల దగ్గర మొదలైంది.

"ఆంటీ, డిస్కౌంట్ లేదా?" అన్నాడు చిన్నవాడు.

"చిట్టిల తగ్గుకుంట పోతరు బాబూ. ఈడ పెరుగుకుంట పోవాలె."

నాలుగున్నర. నాలుగు ఎనభై. అయిదు లక్షలు దాటినప్పుడు మామ గట్టిగా ఈల వేశాడు. అయిదు నలభై దగ్గర చిన్నవాడు ఫోను తీసి పక్కకు వెళ్లి భార్యతో మాట్లాడి వచ్చాడు, అయిదు అరవై అన్నాడు. పెద్దాయన అయిదు అరవై అయిదు అన్నాడు. ఒకటోసారి, రెండోసారి అని ఆమె చిన్నవాడి ముఖంలోకి చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. మూడోసారి అంది.

లెక్క మొత్తం చెప్పాలి కాబట్టి చెబుతాను. కొన్నది నలభై ఆరు, మొదటి ఖర్చు ముప్పై, ఎనిమిదేళ్ల పైన పెట్టింది దాదాపు నలభై వేలు. ఆ డబ్బే బ్యాంకులో వేసి ఉంటే రెట్టింపుకు దగ్గరయ్యేది, అంతే. తొంభై వేల స్లాబ్ ఈలోగా రెండు లక్షల అరవై వేలైంది. ఆ నష్టం కూడా కారు మీదనే రాశాను. అయినా వచ్చిన అయిదు లక్షల అరవై అయిదు వేలలో స్లాబుకు పోగా మూడు లక్షల అయిదు వేలు చేతిలో మిగిలాయి. మార్చిలో స్లాబ్ పోశారు. రోజూ పొద్దున్నే ఆమె నీళ్లు పట్టేది. కొత్త రాష్ట్రం వచ్చిన సాయంత్రం చుట్టూ పటాకులు పేలుతుంటే మేమిద్దరం ఆ స్లాబ్ మీద నిలబడి ఉప్పల్ వైపు చూశాం.

ఆమె పేరు మీద బ్యాంకులో డబ్బు వేసేటప్పుడు, చిట్టి పాటలో ఆమె వదులుకున్నది విడిగా కట్ట కట్టి ఇచ్చాను. మిగతాది ఇద్దరిదీ, ఇది మాత్రం ఆమె ఒక్కతిదే. ఆమె తీసుకోలేదు.

"గది నీ తాననే ఉండనియ్యి."

"ఎందుకు? బాకీ బాకీనే."

"ఉండనియ్యవయ్యా. నాకు బాకీ ఉన్న మనిషి ఒక్కడన్న ఉండాలె ఇంట్ల."

వడ్డీ వేస్తానంటే వద్దంది. ఏటా ఉగాదికి ఇవ్వబోతాను, ఏటా నవ్వి తోసేస్తుంది. అందువల్ల నేటికీ నేను ఆమెకు బాకీ ఇరవై నాలుగు వేలు.