మూడు జీపుల్ని నిలబెట్టిన అత్త

మొన్న సోమవారం పొద్దున వల్లూరులో మా అత్త పోయింది. బలసముద్రంలో ఉండే ఆమె తమ్ముడికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన నమ్మలేదు. “బాగా చూడమ్మా, యాడికైనా కొట్లాటకు పోయుంటాది” అన్నాడు. నిద్రలోనే పోయింది. గొడవ లేకుండా ఆమె చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

మా చేను సోలార్ ప్లేట్లు పెట్టడానికి గుత్తకిచ్చాక గొర్రెల్ని అమ్మేయమని మా ఆయన అన్నాడు. “ప్లేట్లు ఈనుతాయా?” అని అడిగింది అత్త. ఆ మాట మళ్లీ రాలేదు.

మా పాపకు పుట్టినప్పటి నుంచీ కాళ్లు బిగుసుకుపోయి ఉండేవి. సాయం చేసేవాళ్లకు కొదవ లేదు. ఒక సంస్థ చక్రాల కుర్చీ ఇచ్చింది. ఒక సంస్థ వ్యాయామాలు నేర్పేది. ఇంకొకటి ఆసుపత్రికి తీసుకుపోయేది. ఒకరి మాట ఒకరికి తెలియదు. పాపను కుర్చీలోనే కూర్చోబెట్టమని ఒకరు, కూర్చోబెడితే కాళ్లు ఇంకా బిగుస్తాయని ఇంకొకరు. వచ్చినవాళ్లంతా పాప పుట్టినప్పటి బరువు అడిగి రాసుకునేవారు.

“ఎన్నిసార్లు అడిగినా అంతేనప్పా. పెరిగేది పాప, పుట్టినప్పటి బరువు కాదు” అనేది అత్త.

కాళ్ల ఆపరేషన్‌కు ఆసుపత్రివాళ్లు రమ్మన్న రోజు కొత్త గౌను తొడిగి పాపను వాకిట్లో కూర్చోబెట్టాం. బండి ఇంకొకరు పంపుతారని మూడు సంస్థలవాళ్లూ అనుకున్నారట. సాయంత్రమైనా రాలేదు. నేను ఏడ్చాను. అత్త ఏడవలేదు. ఫోన్ తీసుకుని ముగ్గురికీ ఒకే అబద్ధం చెప్పింది: “పాప లేసి నిలబడినాది. రేపు పొద్దున వచ్చి చూసిపోండి.”

తెల్లారి మూడు జీపులొచ్చాయి, మూడు కెమెరాలతో. వాళ్లు లోపలికి రాగానే అత్త గొర్రెల మందను సందులోకి తోలింది. జీపులు కదిలే దారి లేదు. ముగ్గురి ముందూ రాగి ముద్ద పెట్టింది.

“పాప నిలబడిందన్నావు కదవ్వా?” అన్నాడు కుర్చీ ఇచ్చినాయన.

“పాప నిలబడల్లంటే ముందు మీరు ముగ్గురూ కూచోవల్ల.”

వ్యాయామం నేర్పే అమ్మాయి నవ్వేసింది. ఆసుపత్రికి తీసుకుపోయే సంస్థాయన బెంగళూరు మనిషి, ముద్దను నములుతూ కూర్చున్నాడు. “నమలొద్దప్పా, మింగు. మాట్లాడేదానికి నోరు ఖాళీ ఉండల్ల” అంది అత్త. ఆయన మింగి, తప్పు తమదేనని ఒప్పుకున్నాడు. ముగ్గురూ కలిసి పాప పేరున ఒకే పుస్తకం పెట్టి వివరాలన్నీ అందులో రాశారు. బండి ఎవరు పంపాలో, ఆసుపత్రిలో ఎవరు మాట్లాడాలో తేల్చారు. రాయడం అయిపోయేదాకా గొర్రెలు కదల్లేదు.

ఆ నెలలోనే ఆపరేషన్ అయింది. తర్వాత చుట్టుపక్కల తిరుమణి నుంచి, బలసముద్రం నుంచి కూడా తల్లులు ఇలాంటి పిల్లల్ని ఎత్తుకుని మా ఊరికి రావడం మొదలుపెట్టారు. నెలకొకసారి మూడు సంస్థలూ మా ఊరి బడిలో కలిసి కూర్చునేవి. అత్త గుమ్మంలో కూర్చునేది. ఎవరైనా ముందుగా లేస్తే, “ఏంది, అయిపోయిందా?” అనేది. వాళ్లు మళ్లీ కూర్చునేవారు.

ఆమెకు నా కృతజ్ఞత ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉంటే తిట్టేది.

సోమవారం ఎండ ఎక్కుతోందని పెద్దలు తొందరపెట్టారు. నలుగురు వంగి పాడె మీద చేతులు వేశారు. అప్పుడు పాప వాకర్ పట్టుకుని గడప దాటింది. ఎత్తుకోబోతే వద్దంది.

“ఆగండప్పా, పాప వస్తా ఉండాది” అన్నాడు మా ఆయన.

వాకిలి పదడుగులుండదు. పాప ఒక అడుగు వేసి, నిలబడి, ఊపిరి పీల్చుకుని మరో అడుగు వేస్తోంది. ఆ నలుగురూ వంగినవాళ్లు వంగినట్టే ఉండిపోయారు.