మడతల్లేని పోస్టర్

అమెరికాలో మా నోవై ఊరి తెలుగు చర్చిలో లెవిగారంత జాలిగుండె మనిషి లేడని అందరూ అంటారు. నాకు మాత్రం ఆయన్ని చూస్తే ఒళ్లు మండుతుంది. కార్ల కంపెనీలో ఇంజనీరు. బ్రిటన్‌లో గని కూలీల మీద, మిల్లు ఆడవాళ్ల మీద పంతొమ్మిదివందల అరవైల్లో తీసిన సినిమాల అసలు పోస్టర్లు సేకరిస్తాడు. ఆ కష్టజీవుల మొహాలు మాకు చూపిస్తూ కళ్లు తుడుచుకుంటాడు. ఆయన భార్య పర్సిస్ ప్రింట్ షాపులో రోజుకి పది గంటలు నిలబడి పనిచేస్తుంది. ఆ సంగతి ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

పోస్టర్ల గది బేస్‌మెంట్‌లో ఉంది. పెళ్లయి పద్నాలుగేళ్లయినా పర్సిస్‌ని అందులో అడుగు పెట్టనివ్వలేదు.

మొన్న మార్చిలో, పదకొండేళ్లుగా వెతుకుతున్న పోస్టర్ ఆయనకి దొరికింది. అది ఇంటికొచ్చిన రోజు ఆయన ప్లాంట్ పని మీద ఊళ్లో లేడు. పర్సిస్ విప్పి చూస్తే నిండా మడతలే. పాపం, ప్రాణం ఉసూరుమంది. ఆ వారమే ఆయన యాభయ్యో పుట్టినరోజు.

మనిళ్లల్లో విలువైన కాగితం కనిపిస్తే ఏం చేస్తాం? డిగ్రీ సర్టిఫికెట్ దగ్గర్నుంచి బాప్తిస్మం సర్టిఫికెట్ దాకా లామినేషన్ చేయిస్తాం. పర్సిస్ కూడా పోస్టర్‌ని ఇస్త్రీ చేసి, షిఫ్ట్ అయ్యాక ఆగి, షాపులో పెద్ద మెషీన్ మీద తనే లామినేట్ చేసింది.

"ఈసారైనా ఆ రూమ్‌లోకి రమ్మంటారు కదా దెబోరక్కా" అని ఫోన్‌లో మురిసిపోయింది. మంచి పని చేశావన్నాను నేను.

పుట్టినరోజున ప్రార్థన అయ్యాక పోస్టర్ తెచ్చింది. చర్చివాళ్లమంతా చప్పట్లు కొట్టాం. లెవి మొహం మాడిపోయింది.

"ఫోల్డ్స్ ఏవి?"

"ఐరన్ చేసి తీసేశానండీ. లామినేట్ కూడా చేశా. ఇంక వందేళ్లయినా పాడవదు."

ఆయన గొంతు పెంచలేదు. మావైపు తిరిగి నవ్వాడు.

"అప్పట్లో థియేటర్లకి మడిచి పంపేవాళ్లు బ్రదర్. ఒరిజినల్ అనడానికి ఆ ఫోల్డ్సే ప్రూఫ్. ఇప్పుడిది చెత్త. లేబర్ బుద్ధి కదా, చేతికేది దొరికితే అది మెషీన్‌లో పెట్టేస్తుంది."

కొందరు నవ్వారు. మంచి పని చేశావన్న నేను పేపర్ ప్లేట్లు పంచడం మొదలుపెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"సారీ అండీ" అంది పర్సిస్. పోస్టర్ గోడకి ఆనించి, తను వండిన బిరియానీ వడ్డించింది. అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాం. వెళ్లేటప్పుడు, భోజనం చాలా బాగుందని లెవిగారికి చెప్పాం.