తాడు వద్దన్న రోజు

అవుకు రిజర్వాయరులో పడవ షికారు నడిపే సారు, కర్నూలులో దిగిన నాలుగు పలకల్ని నా పికప్‌లో తెమ్మన్నాడు. నీళ్ల మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే పలకలవి. చూస్తే తలుపంత, ఎత్తితే చేటంత. ఒక్కోటి పదకొండు అడుగులు. నా బండి తొట్టి ఎనిమిదే.

"పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, దీంతో బిగించి కట్టు," అని కొత్త నైలాను తాడు చుట్ట చేతిలో పెట్టాడు.

"అట్ల కడితే వాటి నడుములు ఇరుగుతాయి సార్. నేను నిలబెట్టి తెస్తా."

"ఎంతవరకు చదివినావప్పా?"

"ఏడు సార్. ఎనిమిదో తరగతి నాకోసం ఇంగా ఎదురుచూస్తాండాది."

సారు నవ్వలేదు. "ఒక్క గీత పడినా నీ బండి మళ్లా మా గేటు లోపలికి రాదు."

"సరే సార్. పడకపోతే మాత్రం మీరు తాడు మాట ఎత్తగూడదు."

పదేళ్లు బేతంచెర్ల బండలు తోలినవాణ్ని. నాపరాయి పడుకుంటే గుంతకొకటి పగులుతుంది, అంచు మీద నిలబెడితే ఊరు చేరుతుంది. రాయికే అంత సుకుమారం ఉంటే, లోపలంతా నురగే ఉన్న ఈ పలకకు ఉండదా? ఇంటికి పోయి నాలుగు బొంతలు ఎత్తుకున్నాను.

"అవి యాడికయ్యా?" అంది మా ఆవిడ.

"పలకలకు చలేస్తాందంట."

"దుమ్ము పట్టిందో, నీతోనే ఉతికిస్తా."

కర్నూలులో పలకల్ని అంచు మీద నిలబెట్టి ఎక్కించాను. ఒక బొంత కింద, మూడు మధ్యల్లో. తాడుకు బదులు లారీ ట్యూబు కోసిన పట్టీలు. అవి పట్టుకుంటాయే గానీ కోయవు. వెనక బయటికొచ్చిన మూడడుగులకు నా ఎర్ర తువ్వాలు కట్టాను. ఎండకు రబ్బరు సాగుతుందని దారిలో ఆగాగి పట్టీలు తడుముకున్నాను.

బేతంచెర్ల దాటాక టీ కొట్టాయన బండి చుట్టూ తిరిగాడు. "ఏందప్పా ఇవి?"

"నీళ్ల మీద నిలబడేవి."

"ఈడ తాగేదానికే లేవు, నిలబడేదానికి తెచ్చినావా!"

"శానా ఏండ్లు నీళ్ల కోసం నిలబడినాం గదప్పా. ఇంగ నీళ్ల మీదనే నిలబడదాం."

అవుకులో సారు కళ్లజోడు పెట్టుకుని నాలుగు పలకల్నీ అంగుళం అంగుళం వెతికాడు. విప్పని తాడు చుట్ట చంకలో పెట్టుకుని నిలబడ్డాను. గీత దొరకలేదు. బొంత దారప్పోగు ఒకటి దొరికితే దాన్నే కాసేపు చూశాడు.

"వచ్చే వారం ఇంగా నాలుగు దిగుతాయి. నీ ఇష్టమొచ్చినట్ల తీసుకురా."

"తాడు సార్?"

"నువ్వే పెట్టుకో."

పెట్టుకున్నాను. మా ఇంటి వెనక రెండు గుంజలకు బిగించి కట్టాను. బొంతలు దాని మీదే ఆరుతున్నాయి. ఉతికింది నేనే.