పాస్‌లో పేరున్నంత మాత్రాన

మన కాలనీ తెలుగు సంఘం కార్యదర్శి గారు సంతాప సభలో మా పక్క క్వార్టరు వదినను శాంతమూర్తి అన్నారు. ఎవరి జోలికీ పోని మనిషి అని కూడా అన్నారు. రెండూ తప్పే. మంగళవారం పొద్దున వదిన పోయిందని కబురు వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆవిడ కోపమే. ఆ కోపం వల్ల ఈ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో ఒక కాపురం సజావుగా మొదలైంది. పోయినవాళ్లను పొగడాలనుకుంటే ఉన్న గుణాన్ని పొగడండి. లేనిదాన్ని తెచ్చి అంటించకండి.

మన సంఘం పత్రికకు ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. కార్యదర్శి గారి అబ్బాయికి వచ్చే నెల పెళ్లి. కొత్త జంటతో పాటు తనూ భార్యా కూడా డార్జిలింగు వెళ్తున్నామని ఆయన సభ అయ్యాక టీ తాగుతూ చెప్పారు. "పాస్‌లున్నాయి కదమ్మా, టూరు ఏజెంటెందుకు, ఫాల్తూ ఖర్చు" అన్నారు. వదిన బతికుంటే ఆ మాట పూర్తయ్యేది కాదు.

రైల్వే వాళ్లకు ఇదొక జబ్బు. పాస్‌లో పేరుంటే, టికెట్టు ఖర్చు లేదు కదా అని, రైలెక్కాలి. ఎక్కకపోతే పాలు పారబోసినంత బాధ. వదిన పెళ్లయిన కొత్తలో అలాగే కాశీ వెళ్లింది, అత్తమామలతో, మరుదులతో. సత్రంలో ఆడవాళ్లొక గది, మగవాళ్లొక గది. "మా ఆయన మొగం నాను సరిగ్గా సూసింది తిరుగు రైల్లోనే. పై బెర్తు నుంచి తల వంచి మంచినీళ్లడిగినాడు" అనేది. నవ్వుతూ చెప్పేది కాదు. కప్పు సాసర్లో ఠక్కున పెట్టి చెప్పేది.

నా మనవరాలిని ఈ కాలనీ అబ్బాయికే ఇచ్చాం. రైల్వే ఉద్యోగం, తండ్రి లేడు. తల్లి పేరు అతని పాస్‌లో ఉంది. హనీమూన్ ఊసు రాగానే ఆవిడ తన సూట్‌కేసు దులిపింది. వియ్యపురాలితో ఎవరు పెట్టుకుంటారని మా ఇంట్లో అందరూ నోళ్లు మూసుకుని కూర్చున్నారు. పిల్ల పెరట్లోకి వెళ్లి ఏడ్చింది. బట్టలు ఆరేస్తున్న వదిన గోడ మీంచి చూసి, తడి చేతులతోనే వియ్యపురాలు కూర్చున్న మా ముందుగదిలోకి వచ్చేసింది.

"ఏటమ్మా, మీరూ ఎల్తన్నారా?"

"పాస్‌లో నా పేరుంది కదండీ" అంది పెళ్లికొడుకు తల్లి.

"రేషన్ కార్డులోనూ ఉంటాది. అలాగని బియ్యం బస్తాలో కూకుంటామేటి?"

ఆవిడ మొహం మాడ్చుకుంది. "పాస్ కాదని వెళ్తే ఏజెంట్లు మోసం చేస్తారండీ" అంది.

"సేస్తే సేయనీ. మోసపోయినా ఇద్దరే పోతారు."

మర్నాడు నన్నూ పిల్లనూ ఆటో ఎక్కించి తెలీబంధా చెరువు దగ్గర ఒక టూరు ఏజెంటు దగ్గరికి తీసుకెళ్లింది. ఏజెంటు ముందుగా గ్రూపు టూరు బస్సు బొమ్మ చూపించాడు. "ఒక గుంపులోంచి తప్పించమంటే ఇంకో గుంపులో పడేస్తావా భయ్యా? దో ఆద్మీ. తీస్‌రా నహీ" అంది వదిన, మూడోవాళ్లు వద్దంటూ. అతను గొప్పవాడేం కాదు, నిజం చెప్పాలి. కొండ కనిపించే గది అన్నాడు. తీరా వెళ్లి కిటికీ తెరిస్తే పక్క హోటలు గోడ. పిల్ల ఫోన్లో ఆ సంగతి చెబితే వదిన "గోడే కదే, అత్త కాదు కదా" అంది. అవతల ఇద్దరూ కలిసి నవ్వారు. మా మనవరాలి మొగుడు నవ్వగా వినడం నాకదే మొదలు.

వియ్యపురాలు చాలాకాలం వదినతో మాట్లాడలేదు. వదిన మాత్రం పండరీ బట్టల బజారుకు చీరలకు వెళ్లినప్పుడల్లా ఆవిడ గుమ్మం ముందు ఆగి "వస్తారేటి?" అని అడిగేది. ఒకరోజు ఆవిడ చెప్పులేసుకుని బయల్దేరింది. ఆ తర్వాత వదిన ఒక్కతే బజారుకు వెళ్లడం నేను చూడలేదు. మొన్న వదినను తీసుకెళ్తుంటే అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆవిడే. సభలో మైకు మాత్రం ఆవిడ చేతికి ఎవరూ ఇవ్వలేదు. శాంతమూర్తి అనే మాటకు అడ్డం వస్తుందని కాబోలు.

కార్యదర్శి గారూ, మీ కోడలు ఇంకా ఈ కాలనీలో అడుగుపెట్టలేదు. ఆ పిల్ల తరఫున కోప్పడే మనిషి అప్పుడే వెళ్లిపోయింది. కనుక ఈ పని మీరే చేయాలి. సోమవారం పది దాటాక తెలీబంధా వెళ్లండి. చెరువుకు ఎదురుగా మందుల షాపు, దాని మేడ మీద ఆ ఏజెంటు ఆఫీసు. మెట్లు ఇరుకు, మీ మోకాళ్లకు పడవు. కింద నుంచే పిలవండి, దిగి వస్తాడు. అబ్బాయిదీ అమ్మాయిదీ ఆధార్ నకళ్లు పట్టుకెళ్లండి. మీ ఇద్దరివీ బీరువాలో పెట్టి, తాళం వేసి మరీ వెళ్లండి.