చీరపేలు

నీలార్ జ్వరమేంటో ఎలా పట్టుకున్నావని అడిగిన అందరికీ "పుస్తకంలో చదివాను" అని చెప్పాను. అది అబద్ధం. నా డైరీలోనూ అదే అబద్ధం రాసుకున్నాను.

దయ్యాలను నేను నమ్మను. ఇది రాశాక కూడా నమ్మను.

మొగల్తూరు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. బర్మాలో యుద్ధం నుంచి పారిపోయి, నెలల తరబడి దారుల్లో నలిగిన కొన్ని కుటుంబాలు ఇక్కడి తుఫాను షెల్టర్‌కి చేరాయి. వాళ్లలో నీలార్ అనే అమ్మాయికి ఐదు రోజులు జ్వరం కాసి, తగ్గి, వారానికి మళ్లీ వచ్చింది. మలేరియా కాదు, టైఫాయిడ్ కాదు. పేలున్నాయని గుండు చేయించారు. ఈసారి కళ్లు పచ్చబడ్డాయి. ఇంకోసారి వస్తే బతకదనిపించింది.

ఆ మధ్యాహ్నం ల్యాబ్ గుమ్మంలో నీరుకావి చీరలో ఒక ముసలావిడ నిలబడింది.

"తలలో ఏం వెతుకుతారు అమ్మాయ్? అవి చీరపేలు. బట్టల కుట్లలో చూడు. ఒళ్లు కాలేటప్పుడే రక్తం తియ్యి."

చేతిలోని స్లయిడ్ పక్కన పెట్టి చూస్తే లేదు. గుమ్మం పక్కనే కూర్చున్న నర్సు సుగుణ గారు ఎవరూ రాలేదన్నారు. నేను నీలార్ దగ్గరికి వెళ్లి చొక్కా తిరగేస్తుంటే వెనకే వచ్చి నవ్వారు.

"గుండు చేయించాక పేలేంటమ్మా? జారి పడిపోవూ!"

కుట్ల వెంట తెల్లగా, వరసగా ఉన్నాయి. పాకుతున్నాయి.

జ్వరం మీదున్నప్పుడే తీసిన రక్తం చుక్కలో, ఎర్ర కణాల మధ్య, సన్నటి మెలికల పోగులు కనిపించాయి. డాక్టరు గారికి చెప్పాను.

"స్టెయిన్ మరకమ్మా. నువ్వు నవలలు తగ్గించు."

ఆయనకి ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఆరోజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"అసలు రంగే వెయ్యలేదు సార్. పైగా కదులుతున్నాయి. మరక కదులుద్దా? చూసి వెళ్లండి."

చూశారు. ఒంటి పేల వల్ల వచ్చే, తిరగబెట్టే జ్వరమన్నారు. ఆ సాయంత్రమే మందు మారింది. షెల్టర్‌లో బట్టలన్నీ మరిగించారు. నీలార్ బతికింది.

"చీరపేలు" అన్న మాట మా అమ్మకే తెలీదు. తర్వాత పాత నిఘంటువులో దొరికింది. అంతకుముందు ఎన్నడూ వినని మాట నా బుర్రలోంచి ఎలా పుడుతుంది? నాకు తెలీదు. తెలీదనడానికి సిగ్గుపడను. భయపడను కూడా.

రొయ్యల షెడ్డులో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్న నీలార్ వాళ్ల అన్న, చెల్లెల్ని తీసుకెళ్లడానికి ఆటో తెచ్చాడు. బట్టల్లో పేలు చూడమని నాకు చెప్పిన, తెలుగొచ్చిన ముసలావిడ మీలో ఎవరైనా ఉన్నారా అని మాత్రం అడిగాను.

"మాతో పెద్దోళ్లెవరూ రాలేదు మేడం. దారిలోనే ఉండిపోయారు. ఆవిడెవరో గానీ, కనిపిస్తే మా దణ్ణం కూడా చెప్పండి."